షాంగ్-చీనా, షాంగ్-ఛీనా?

అట్టలేనిపుస్తకం:
నిన్న అటక సర్దుతుంటే ‘మాస్టర్ ఆఫ్ కుంగ్‌ఫూ’ అనే మార్వెల్ కామిక్ పాత సంచిక ఒకటి బయటపడింది. ఎప్పుడో అబిడ్స్ ఆదివారం సంతలో కొన్నది. మొదటి పుటలు లేవు. హీరో షాంగ్-చీ తనని తాను పరిచయం చేసుకుంటూ, పేరుకి అర్థం చెప్పే మాటలు అక్కడే ఉండేవి. వాటిని అప్పట్లో నోటుబుక్కులో ‘ఆత్మ పైకి లేచి ముందుకు సాగుట’ అని తెలుగు చేసుకున్నట్టు గుర్తు. ఇప్పుడు తలుచుకుంటే కర్మకాండ మంత్రంలా ఉంది. అక్కడి ‘స్పిరిట్’ మన ఆత్మేనా?

బందరు లడ్డు:
ఆత్మ కాదండీ, ఆ పేరులోని ‘చీ’ అంటే చీనా భాషలో ఊపిరి. ఆ మాటకొస్తే మీరు ‘చీ’ అనడమే తప్పు, ‘ఛీ’ అనాలి. చీనా మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే వేడ్-గైల్స్ అనే పాత పద్ధతిలో చకారం పక్కన చిన్న కొక్కెం పెట్టేవాళ్ళు, ఒత్తి పలకమని. అమెరికా అచ్చులో కొక్కెం రాలిపోయింది. అది లేకపోతే చీనావాడి చెవికి వేరే మాట అవుతుంది. మనకి కొక్కెం ఎందుకు, ఛ ఉండగా?

హన్మకొండ:
మా అమ్మమ్మ ముంగట ఛీ ఛీ అనుకుంట సదివితే పుస్తకం పొయ్యిల పెడ్తది. అయినా ఫూ మాంచూ అసొంటి విలన్ తండ్రి కొడుకును ఛీ అనే పిలిచిండంటే నమ్మొచ్చు.

ఖమ్మం మాస్టారు:
లడ్డుగారు సగమే చెప్పారు. ‘షాంగ్’లో షకారం కూడా అచ్చంగా ష, శ కాదు. నాలుక మడవాలి. ‘కుంగ్’లోది ఒత్తులేని మన క. ఇంగ్లీషువాడు ఆ మాట అంటే ఖుంగ్ అని వినపడుతుంది. ఈ మూడు అక్షరాలకీ ఇంగ్లీషు కంటే తెలుగు లిపే నయం. మనలో శ, ష తేడా పలికేవాళ్ళు ఎందరున్నారని మాత్రం అడక్కండి.

బందరు లడ్డు:
ష నాకూ తెలుసు మాస్టారూ, అడగలేదని చెప్పలేదు.

డల్లాస్ నుంచి:
గొడవంతా ఛీ మీదే నడుస్తోంది గానీ, చిక్కు షాంగ్‌లో ఉంది. ఈ హీరో మీద వచ్చిన 2021 సినిమా చీనా పేరులో వాడిన ‘షాంగ్’ అక్షరానికి ఆదరించడం, గౌరవించడం అని అర్థం. ‘పైకి’ అనే షాంగ్ వేరే అక్షరం. ఆ రెండోదాన్ని ఛీతో కలిపితే పై ఊపిరి. ‘పై ఊపిరి కింది ఊపిరిని అందుకోదు’ అని వాళ్ళకో నుడి ఉంది, ఆయాసపడటానికి.

హన్మకొండ:
అంటే ఎగఊపిరి! దొరికింది సార్, రాస్కోండి.

ఖమ్మం మాస్టారు:
ఎగఊపిరి పోయేముందు వచ్చేది. పదేళ్ళు, నూరు సంచికలకు పైగా తన్నులాడినవాడికి ఆ పేరు పెడతామా? నా మాట ‘ఉదానం’. పంచప్రాణాల్లో పైకి పోయే వాయువు అదే. పైకి లేవడం ఉపసర్గలోనే ఉంది, ఇంకో మాట అక్కర్లేదు. ప్రాణాలు ఒకటి కాదని పోతనగారికి తెలుసు. ‘ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను’ అన్నాడు, బహువచనం చూడండి.

యతిమైత్రి:
మాస్టారూ, ప్రాణాలు పోయాయి అని పాలవాడూ అంటాడు. వాడు అయిదూ లెక్కపెట్టే అంటాడా? ఒత్తుల మాట వచ్చింది కాబట్టి, ఆ పద్యంలో చూడాల్సింది ఠ. పాదం ‘ఠా’తో మొదలై యతి ‘డస్సెన్’ మీద పడింది. ‘టావుల్’ అని రాసినా యతి చెడదు, వర్గం ఒకటే. కానీ ఒత్తు తీసేసి చదవండి, ఏనుగు ఆయాసం ఎక్కడైనా వినపడుతుందేమో.

బందరు లడ్డు:
నేను మొదట్నుంచీ చెబుతున్నది అదేగా! ఊపిరికి ఒత్తు కావాలి. ఛీ.

యతిమైత్రి:
మీకూ పోతనకీ పోలికేమిటండీ.

డల్లాస్ నుంచి:
పుస్తకం గురించి ఒక్క ముక్క. 1973 డిసెంబరు సంచికలో రచయిత ఎంగల్‌హార్ట్, చిత్రకారుడు స్టార్లిన్ మొదలుపెట్టినప్పుడు ఇది కుంగ్‌ఫూ మోజుకి పుట్టిన కథ. బ్రూస్ లీ పోయి అయిదు నెలలు. మెంచ్ రాత, గులాసీ బొమ్మ కలిశాకే గూఢచారి కథ అయింది. గులాసీ హీరోకి బ్రూస్ లీ ముఖమే పెట్టేశాడు. కొడుకేమో తండ్రి మీద బ్రిటిష్ వేగులతో కలిసి పనిచేస్తూ, ఆ పని మీదే రోత పడుతుంటాడు. ఆ రోత వల్లే నాకిష్టం. ఫూ మాంచూ అనే బొమ్మ మాత్రం తూర్పువాళ్ళంటే తెల్లవాళ్ళకున్న భయానికి మీసం పెట్టినట్టుంటుంది, ఇప్పుడు చదవలేం. ఆ పేరు వాడుకునే హక్కులు చేజారాకే పాత సంచికలు ఏళ్ళ తరబడి మళ్ళీ అచ్చుకాలేదు.

హన్మకొండ:
వేగు అంటే యాదికొచ్చింది. కన్నడంల బేహు, తమిళంల వేవు. మరి వేగుచుక్కల వేగు గిదేనా?

ఖమ్మం మాస్టారు:
అది తెల్లవారడం. రెండూ కలపకండి, ఇంకో రాత్రి పడుతుంది.

అట్టలేనిపుస్తకం:
నోటుబుక్కు దొరికిందండోయ్. ‘ఆత్మ’ కొట్టేసి, పైన పెన్సిల్‌తో ఇంకేదో రాసుకున్నాను. మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది, తక్కినదంతా చెదలు తినేశాయి. ‘ఊ’లా ఉంది.

బందరు లడ్డు:
ఊపిరి! చెప్పానా లేదా?

ఖమ్మం మాస్టారు:
కాస్త వెలుతురులో పెట్టి చూడండి. ఆ చివర తోక మీరు గీసిందా, చెదపురుగు గీసిందా? తోక లేకపోతే అది ఉదానం.