కార్ క్యారియర్ లారీలు, అప్పుడూ ఇప్పుడూ: ఎక్కించడం, కట్టడం, పాడయ్యేవి (చర్చ)

లోడ్‌ప్లాన్_రవి
పాత క్యారియర్లు, కొత్త క్యారియర్ల గురించి తెలిసినవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. బొమ్మలు చాలు, పని వివరాలు రాయండి: ఎలా ఎక్కించేవారు, దేనితో కట్టేవారు, ఏది ముందు పాడయ్యేది. మొదలు నేను పెడతాను.

కారును లారీ మీద పంపడం కార్లు అమ్మడం మొదలైనప్పటి నుంచీ ఉన్నదే. 1890ల చివర్లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో కార్లు తయారుచేసిన అలెగ్జాండర్ వింటన్, అమ్మిన కారు కొన్నవాడి ఇంటికి చేరేలోపే అరిగిపోకూడదని, ఇంకో కారుకి చిన్న ట్రైలర్ తగిలించి దానిమీద ఎక్కించి పంపాడు. ఒక్క కారే పట్టేది. తర్వాత వచ్చిన మార్పులన్నిటికీ కారణం ఒకటే: ఆ కొలతల్లోనే ఇంకో కారుకి చోటు చేయడం.

పాత_చెయిన్
బ్రిటన్‌లో బెడ్‌ఫర్డ్ ట్రాక్టర్ల (ట్రైలర్‌ని లాగే ముందు బండి) వెనక కారిమోర్ కంపెనీ రెండంతస్తుల ట్రైలర్లు చాలాకాలం తిరిగాయి. అప్పటి కార్లు చిన్నవి, తేలికవి. 1959లో వచ్చిన మినీ పొడవు 3.05 మీటర్లు, బరువు 600 కిలోల చుట్టుపక్కల. అలాంటివి ఆరు ఎక్కించినా నాలుగు టన్నులు దాటదు. ఇప్పుడు రెండు పెద్ద ఎలక్ట్రిక్ కార్లకే ఆ బరువు వస్తుంది.

చెయిన్ల సంగతి చెబుతాను. కారు ఛాసిస్‌లో ఉన్న బొక్కలో హుక్కు వేసి, చెయిన్ రెండో కొసను డెక్కు (కార్లు నిలిపే అంతస్తు) పక్కనున్న గొట్టం లాంటి ర్యాచెట్‌కి తగిలించేవారు. గొట్టం బొక్కలో రాడ్డు దూర్చి తిప్పితే చెయిన్ చుట్టుకుంటుంది, పళ్ల చక్రం వెనక్కి పోనివ్వదు. స్ప్రింగులు సగం అణిగేదాకా లాగాలి. తక్కువ లాగితే గుంతలో కారు ఎగిరి చెయిన్ వదులవుతుంది. మరీ లాగితే స్ప్రింగు పూర్తిగా అణిగిపోయి, రోడ్డు దెబ్బ మొత్తం ఛాసిస్‌కే తగులుతుంది.

దీన్ని మించిన నష్టం హుక్కు వేయకూడని చోట వేయడం. చీకట్లో తొందరపడి టై రాడ్డుకో (చక్రాన్ని తిప్పేది) కంట్రోల్ ఆర్మ్‌కో (చక్రాన్ని ఛాసిస్‌కి కలిపేది) తగిలిస్తే అది సన్నగా వంగుతుంది. పైకి ఏమీ కనపడదు. కొత్త కారు షోరూమ్‌లో దిగాక ఒక పక్కకి లాగుతోందంటారు. బ్రేకు పైపు మీదుగా చెయిన్ పోయిందంటే అది ఇంకా ప్రమాదం.

సుజాత_డిపో
ఇప్పుడు చాలాచోట్ల వీల్ స్ట్రాప్‌లే. కారు బాడీని ముట్టుకోకుండా టైరును మాత్రమే డెక్కుకి పట్టేస్తాం కాబట్టి సస్పెన్షన్ తన పని తాను చేసుకుంటుంది. మూడు చోట్ల పట్టే బెల్టు: టైరు ముందో హుక్కు, వెనకో హుక్కు, మూడోది ర్యాచెట్. బెల్టు మీదుండే రబ్బరు ముక్కలు టైరు గాడుల మీద సరిగ్గా కూర్చోవాలి, పక్కకి జారి ఉంటే అది కట్టినట్టు కాదు. చక్రానికి ముందూ వెనకా అడ్డుకట్టలు పెట్టాకే బెల్టు బిగించాలి.

బెల్టు రిమ్ముకీ ఏబీఎస్ వైరుకీ తగలకూడదు. లోపలి మడ్‌గార్డుకి రాసుకుంటుంటే దారిలోనే కోసుకుపోతుంది. అంచు చీలినా, దాని మీది లేబుల్ చదవరాకపోయినా ఆ బెల్టు తీసి పక్కన పడేయాలి, అది ఎంత బలం పడుతుందో ఆ లేబుల్ తప్ప ఇంకేదీ చెప్పదు.

బయల్దేరాక బెల్టు తప్పకుండా కొంచెం వదులవుతుంది, టైరు సర్దుకుంటుంది కదా. అమెరికా నిబంధనల ప్రకారం మొదటి 50 మైళ్లలోపు ఆగి లోడు చూడాలి, తర్వాత 3 గంటలకో 150 మైళ్లకో ఒకసారి, ఏది ముందొస్తే అది. ఎక్కడి రోడ్డు మీదైనా ఇది మంచి అలవాటే.

కొత్త_సభ్యుడు
ఎత్తు లెక్క ఎలా వేస్తారు సార్? రెండు ఎస్‌యూవీలు ఒకదాని మీద ఒకటి ఎక్కడం లేదంటున్నారు.

లోడ్‌ప్లాన్_రవి
అసలు విద్య అదే. యూరప్‌లో చాలా దేశాల్లో ఎత్తు 4 మీటర్లకు మించకూడదు. ఎస్‌యూవీ ఒక్కోటి 1.70 అనుకోండి, రెండూ కలిపితే 3.40. మిగిలిన 60 సెంటీమీటర్లలో కింది డెక్కు నేల నుంచి ఉండే ఎత్తు, రెండు డెక్కుల మందం, కింది కారు కప్పుకీ పై డెక్కుకీ మధ్య ఖాళీ అన్నీ ఇమడాలి. ఇమడవు. అందుకే పై డెక్కుని వంచుతారు: కింది కారు బానెట్ తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి పై కారు వెనక చక్రాలు సరిగ్గా దాని పైకి దిగేలా. ఒక పొడవైన క్యారియర్‌ని పక్కనుంచి చూడండి, ఏ రెండు కార్లూ ఒకే వంపులో ఉండవు.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి. దారిలో కింది డెక్కు కార్లు దింపేస్తే బరువు తగ్గి స్ప్రింగులు లేస్తాయి, పైన మిగిలిన కార్లు కొన్ని సెంటీమీటర్లు పైకొస్తాయి. పొద్దున పట్టిన వంతెన కింద సాయంత్రం పట్టకపోవచ్చు. దింపిన ప్రతిసారీ కొలకర్రతో మళ్లీ కొలవాలి, యాంటెన్నాతో సహా.

ఎక్కించే వరస కూడా దింపే వరస చూసుకునే వేయాలి. ఇంజన్ కేబిన్ మీది కారు అన్నిటికన్నా ముందు ఎక్కుతుంది, చివర దిగుతుంది. మొదటి డీలరుకి ఇవ్వాల్సిన కారు అక్కడ పెడితే మొత్తం లోడు రోడ్డు మీద దింపి మళ్లీ ఎక్కించాలి. ఎక్కిదిగే ప్రతిసారీ గీతలు పడే అవకాశం పెరుగుతుంది.

వెంకట్_హైడ్రా
డెక్కులు లేపే హైడ్రాలిక్స్ గురించి రాస్తాను. సిలిండర్ పని డెక్కుని లేపడం వరకే. లారీ నడుస్తున్నప్పుడు బరువు పిన్ను మీద (స్తంభం బొక్కలో దూర్చి డెక్కుని ఆపేది) ఉండాలి. పిన్ను సగమే దూరి అంచు మీద ఆగితే కదలకుండా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర డెక్కు దబ్బున దిగుతుంది. డెక్కు లేపాక పిన్ను దూర్చి, డెక్కుని కొంచెం కిందికి వదిలి పిన్ను మీద కూర్చోబెట్టండి. నాలుగు మూలలూ కంటితో చూసుకోండి.

ఆయిల్ లెవెల్ చూసేటప్పుడు సిలిండర్లన్నీ పూర్తిగా లోపలికి వచ్చి ఉండాలి. డెక్కు పైన ఉండగా చూసి తక్కువైందని పోస్తే, దించేసరికి సిలిండర్లోని ఆయిల్ అంతా ట్యాంకుకి వచ్చి పొంగుతుంది. పొంగితే కింది కారు మీదే.

ఒక పక్క ముందు, ఇంకో పక్క తర్వాత లేస్తుంటే లైన్లో గాలి చేరిందేమో చూడండి. ఖాళీ డెక్కుని పూర్తిగా పైకీ కిందికీ కొన్నిసార్లు ఆడిస్తే గాలి పోతుంది. అప్పటికీ అలాగే ఉంటే ఫ్లో డివైడర్ (రెండు పక్కల సిలిండర్లకీ ఆయిల్ సమంగా పంచేది) గానీ ఒక సిలిండర్ సీలు గానీ పోయినట్టు. పైపులు వంపు తిరిగే చోట రాసుకుని పగులుతాయి, అక్కడ వేలితో తడిమితే తడి తెలుస్తుంది. పని అయ్యాక పీటీఓ (లారీ ఇంజన్ నుంచి హైడ్రాలిక్ పంపుని తిప్పే గేరు) తీయకుండా బయల్దేరితే పంపు కాలిపోతుంది.

పాత_చెయిన్
వెంకట్ గారు చెప్పినదానికి తోడు: స్క్రూ మీద లేచే స్తంభాలు కూడా ఉన్నాయి. పైపు పగిలినా డెక్కు పడదు, మర దానంతటదే ఆపుతుంది. కాకపోతే నట్టు అరిగిందా లేదా కొలిచి చూస్తుండాలి, గ్రీజు ఎండనివ్వకూడదు.

స్టింగర్_ప్రియ
అమెరికా బండ్లలో ఎక్కువ స్టింగర్లు. ట్రైలర్ తగిలే చోటు డ్రైవ్ యాక్సిల్‌కి (ఇంజన్ తిప్పే వెనక చక్రాల ఇరుసు) వెనకగా, బాగా కిందికి ఉంటుంది. అందుకే ట్రాక్టర్ మీదే కార్లు పెట్టే చోటు దొరుకుతుంది. మలుపులో ట్రైలర్ లోపలికి కోసుకురావడమూ తగ్గుతుంది. 2015 చట్టంతో వీటి పొడవు 75 అడుగుల నుంచి 80 అడుగులకు పెరిగింది, ముందు 4, వెనక 6 అడుగుల లోపు కారు బయటికి రావచ్చు. డెక్కు కిందికి దిగాలని ట్రైలర్‌కి 17.5 అంగుళాల చిన్న టైర్లు వేస్తారు. చిన్న చక్రం ఎక్కువ తిరుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. గాలి కొంచెం తగ్గినా పేలుతుంది. ఆగిన ప్రతిసారీ హబ్బుల దగ్గర వేడి చూడాలి.

సుజాత_డిపో
ఎలక్ట్రిక్ కార్ల మాట ఎవరూ ఎత్తలేదు. బరువు రెండు టన్నులు దాటితే తొమ్మిది కార్లు పట్టే బండిలో ఏడో ఎనిమిదో ఎక్కిస్తారు, చోటున్నా టన్నేజీ ఉండదు. 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతే హ్యాండ్ బ్రేకు వదలదు, న్యూట్రల్ పడదు. బూస్టర్ ప్యాక్ డెక్కు దగ్గరే ఉండాలి. చక్రాలు నేలమీద దొర్లిస్తూ వించితో లాగితే మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది, కాబట్టి చక్రాల కింద స్కేట్లు (చక్రం తిరగకుండా కారుని జరిపే పలకలు) పెట్టాలి. అడుగంతా బ్యాటరీయే, అక్కడ జాకీ గానీ దిమ్మ గానీ పెట్టొద్దు.

కొత్త_సభ్యుడు
పై డెక్కు మీద బెల్టు బిగించేటప్పుడు పట్టుకోడానికి ఏమీ ఉండదు కదా?

పాత_చెయిన్
పాతవాటిలో ఉండేది కాదు, చెయిన్ రాడ్డు జారి వెనక్కి పడినవాళ్లే ఈ పనిలో ఎక్కువ దెబ్బతిన్నారు. రాడ్డుని మనవైపు లాగకూడదు, అవతలికి తొయ్యాలి. జారినా డెక్కు మీదే ముందుకి పడతాం. కొత్తవాటికి పక్క రెయిలింగులు ఉన్నాయి, ఎక్కే ముందు లేపి లాక్ చేయండి. వీలైనచోట పై డెక్కుని కిందికి దించి, నేలమీద నిలబడి బెల్టులు బిగించి, ఆ తర్వాత లేపండి.