నీతిమంతుడైన వ్యాపారికి పురస్కారం: ఏ కాగితాలు చూడాలి, ఎవరిని అడగాలి?

వర్తక_సంఘం_కార్యదర్శి:
మా పట్టణ వర్తక సంఘం ఈ ఏడాది నుంచి ఒక పురస్కారం పెడుతోంది. నాయకత్వం, నీతి రెండూ ఉన్నవారికే ఇవ్వాలని తీర్మానించాం. సభ్యుల్లో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలతో పాటు భాగస్వామ్య మిల్లులు, సొంత దుకాణాలు కూడా ఉన్నాయి. టర్నోవరు, విరాళాలు చూసి శాలువా కప్పడం మాకు ఇష్టం లేదు. నీతిని ఎలా పరిశీలించాలి? కమిటీలో ఎవరుండాలి? ఇచ్చాక ఏదైనా బయటపడితే ఏం చేయాలి?

ఆడిట్_బల్ల:
సత్యం కంప్యూటర్స్ ఉదంతంతో మొదలుపెట్టండి. 2008 సెప్టెంబరులో ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిన రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు లేనివేనని అందులో ఆయనే రాశారు. పేరున్న స్వతంత్ర డైరెక్టర్లు, అంతర్జాతీయ ఆడిట్ సంస్థ అన్నీ ఉన్నాయి. పురస్కారాన్ని తర్వాత వెనక్కి తీసుకున్నారు. అందుకే అభ్యర్థి ఇచ్చిన ఫైలు మీద మాత్రమే ఆధారపడకండి, బయటి రికార్డులతో పోల్చండి.

కంపెనీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో రుసుము కట్టి మూడేళ్ల ఏఓసీ-4 (ఆర్థిక నివేదికల ఫారం), ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను) తెరవండి. ఆడిటరు గడువుకు ముందే తప్పుకుంటే ఏడీటీ-3 అనే రాజీనామా ఫారం ఉంటుంది. అందులో రాసిన కారణం తప్పక చదవండి. ఆడిట్ నివేదికకు కారో అనుబంధం (ఆడిటరు తప్పక చెప్పాల్సిన అంశాలపై ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఇచ్చేది) ఉంటే 7వ క్లాజులో పన్నులు, పీఎఫ్ బకాయిలు, 9లో అప్పుల ఎగవేత, 11లో మోసాల వివరాలు కనిపిస్తాయి. చిన్న కంపెనీలకు కారో వర్తించదు కాబట్టి అది లేకపోవడాన్ని తప్పు పట్టకండి.

భాగస్వామ్య సంస్థలకు, దుకాణాలకు ఇవేవీ ఉండవు. అక్కడ జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొట్టి రిటర్నులు వేసిన తేదీలు చూడండి. ఒక నెల ఆలస్యం లెక్కలోకి రాదు, ఏడాది పొడవునా అదే తీరైతే వస్తుంది. ఈపీఎఫ్ఓ (ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ) సైటులో సంస్థ పేరు వెతికితే నెలవారీ చెల్లింపులు, ఎంతమందికి కట్టారన్నదీ తెలుస్తుంది. గడువు తర్వాతి నెల 15. గేటు లోపల కనిపించే మనుషుల సంఖ్యకూ, అక్కడి సంఖ్యకూ పెద్ద తేడా ఉంటే మనుషులను పంపే కాంట్రాక్టరు పీఎఫ్ కోడ్ (నమోదు సంఖ్య) కూడా అడగండి. చాలాసార్లు తేడా అక్కడే తేలుతుంది. 20 మందిలోపు సిబ్బంది ఉన్నచోట పీఎఫ్ తప్పనిసరి కాకపోవచ్చు, అది గమనించండి.

చిన్న_సరఫరా:
పై జవాబులో సరఫరాదారుల మాట రాలేదు. నా దృష్టిలో నీతికి గట్టి పరీక్ష అదే. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకో సేవో తీసుకుంటే, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మూడు రెట్ల చక్రవడ్డీ. బ్యాలెన్స్ షీటులో బకాయిల వయసు పట్టిక ఉంటుంది గానీ, దాని మొదటి గడి 'ఏడాదిలోపు'. 120 రోజులు ఆపిన బిల్లు కూడా అందులో హాయిగా ఒదిగిపోతుంది. అందుకే కంపెనీలను ఎంఎస్ఎంఈ-1 ఫారం ప్రతి అడగండి. ఆర్నెల్లకోసారి వేసేది, అందులో 45 రోజులు దాటిన బాకీలు కనిపిస్తాయి.

తర్వాత ముగ్గురు సరఫరాదారులతో మాట్లాడండి. ఆ పేర్లు అభ్యర్థి ఇచ్చినవి కాకుండా, బకాయిల జాబితాలోంచి మీరే ఏరుకోవాలి. పేరు బయటికి రాదని ముందే చెప్పకపోతే ఎవరూ నోరు విప్పరు. మానేసిన ఇద్దరు ముగ్గురు ఉద్యోగులనూ అలాగే అడగండి: చివరి జీతం, గ్రాట్యుటీ ఎప్పుడు అందాయి?

న్యాయ_సలహా:
ఒక జాగ్రత్త. కోర్టులో కేసు ఉందని తెలిసినంత మాత్రాన అభ్యర్థిని తీసేయకండి. వ్యాపారం చేసేవారికి చెక్కు కేసులు, కౌలు తగాదాలు మామూలే. ఎవరు ఎవరిమీద వేశారు, విషయమేమిటి, తీర్పు వచ్చిందా అని చూడండి. బ్యాంకు అప్పుల ఉద్దేశపూర్వక ఎగవేతదారుల జాబితాలో పేరుంటే మాత్రం అక్కడితో ఆపేయాలి.

కమిటీలో ఐదుగురు చాలు: అభ్యర్థులెవరికీ ఆడిట్ చేయని సీఏ, విశ్రాంత న్యాయాధికారి, కార్మికుల తరఫున ఒకరు, చిన్న సరఫరాదారు, సంఘం నుంచి ఒక్కరే. అప్పు, బంధుత్వం, వ్యాపార లావాదేవీ ఏమీ లేవని ప్రతి ఒక్కరూ రాసివ్వాలి. నామినేషన్ రుసుము, సభకు స్పాన్సర్‌షిప్ రెండూ అభ్యర్థుల నుంచి వద్దు. ఈ ఒక్క నియమం సడలిస్తే మిగతా పరిశీలనంతా వృథా.

మార్కులు కలిపేయకండి. నాయకత్వానికి 50, నీతికి 50 అని పెడితే, 50కి 48 తెచ్చుకున్న దూకుడు మనిషి నీతిలో 25తోనే గట్టెక్కేస్తాడు. ముందు నీతి గడప దాటాలి, దాటినవారినే నాయకత్వంలో పోల్చాలి. అక్కడ కూడా లాభాల కంటే కష్టకాలంలో చేసినవి చూడండి: 2020 లాక్‌డౌన్‌లో జీతాలు ఎలా ఇచ్చారు, లోపమున్న సరుకును వెనక్కి తీసుకున్నారా, తనకు ఎదురుచెప్పే మేనేజరు ఎవరైనా నిలిచారా. గడప దాటినవారు ఎవరూ లేకపోతే ఆ ఏడాది పురస్కారం ఇవ్వబోమని నియమావళిలోనే రాయండి.

రద్దు నిబంధనపై అభ్యర్థి సంతకం నామినేషన్ రోజే తీసుకోండి. నోటీసు, జవాబుకు 30 రోజులు, కమిటీ ఓటు, వెబ్‌సైటులో ప్రకటన అన్న వరుస అందులో ఉండాలి. ప్రశంసాపత్రంలో 'నీతికి ప్రతిరూపం' లాంటి మాటలు రాయకండి. ఏ సంవత్సరాలు పరిశీలించారు, ఏ పనికి గౌరవిస్తున్నారు అన్నవి రాస్తే చాలు.

వర్తక_సంఘం_కార్యదర్శి:
ధన్యవాదాలండీ. స్పాన్సర్‌షిప్ నియమాన్ని మొదటి అంశంగా కార్యవర్గం ముందు పెడతాను. ఎంఎస్ఎంఈ-1 వేయక్కర్లేని భాగస్వామ్య మిల్లుల దగ్గర ఏం అడగాలి?

చిన్న_సరఫరా:
కొనుగోళ్ల లెడ్జరు, బ్యాంకు స్టేట్‌మెంటు రెండూ పక్కపక్కన పెట్టి ఇరవై బిల్లులు మీరే ఎంచుకోండి. బిల్లు తేదీ నుంచి డబ్బు పడిన తేదీదాకా రోజులు లెక్కేయండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: కొని అమ్మే వర్తకులకు ఆ 45 రోజుల రక్షణ లేదు. వారి బిల్లులను ఒప్పుకున్న గడువుతోనే పోల్చాలి.