ఇరానీ హోటల్ పెట్టిన పెద్దాయన జీవితం రాసి పెట్టుకోవాలి, ఏమేం అడగాలి?

సీతాఫల్‌మండి వాసి:
మా వీధి మూలనున్న ఇరానీ హోటల్ త్వరలో మూసేస్తున్నారు. ఓనర్‌ని మేమంతా ఆగా సాబ్ అంటాం, ఎనభై దాటాయి. కుర్రతనంలో ఇరాన్‌లోని యజ్ద్ నుంచి ఓడలో బొంబాయి దిగి, సికింద్రాబాద్‌లో మేనమామ హోటల్లో కప్పులు కడుగుతూ మొదలుపెట్టారు. ఊళ్లో అందరికీ మలాయి చాయ్ పోయించిన మనిషి ఇంట్లో మాత్రం పాలు లేని చాయే తాగుతారు, చక్కెర గడ్డ పంటి కింద పెట్టుకుని. పిల్లల్లో ఒకరు కెనడాలో, ఒకరు ఇక్కడే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు, హోటల్ ఎవరికీ వద్దు. ఆయన చెబుతుంటే రికార్డ్ చేద్దామనుకుంటున్నా. ఏం అడిగితే బాగుంటుంది? ఇంకోటి, ఇన్నేళ్లున్నా ఆయన పాస్‌పోర్ట్ ఇరాన్‌దే, మరి పిల్లల సంగతేంటి?

పాతబస్తీ పాఠకుడు:
ముందు యజ్ద్ గురించి అడగండి. ఎడారి అంచు ఊరు, వానల్లేక కరువులొస్తే జనం వలసపోయేవాళ్లు. బొంబాయి ఇరానీల్లో పార్సీల్లాగే అగ్నిని కొలిచేవాళ్లు ఎక్కువ, మన దగ్గరికొచ్చినవాళ్లలో షియా ముస్లింలు ఎక్కువ. కుతుబ్‌షాహీల నాటి నుంచీ ఇరాన్‌తో రాకపోకలున్న ఊరు కదా, చార్మినార్ కట్టిన కాలంలో పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా ఉన్న మీర్ మోమిన్ కూడా అక్కడివాడే. అబిడ్స్‌లో గ్రాండ్ హోటల్‌ని 1935లో ఇరానీలే పెట్టారు. 2010లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిన మన హలీంని హోటళ్లలో అమ్మకానికి పెట్టిందీ వాళ్లే అంటారు, మదీనా హోటల్ పేరే ముందు వినిపిస్తుంది.

మూల స్థలం ఎలా దొరికిందో తప్పకుండా అడగండి. మూల కొట్లు వాస్తుకు కలిసిరావని మనవాళ్లు వదిలేస్తే ఇరానీలు చవగ్గా తీసుకున్నారని అందరూ చెప్పే మాట. నాకైతే అదొక్కటే కారణం అనిపించదు, రెండు వీధుల జనం రెండు గుమ్మాల్లోంచి వస్తుంటే ఏ వ్యాపారి కాదంటాడు?

గల్లా పక్క పిల్లాడు:
మా నాన్న ఇలాంటి హోటల్లోనే చాయ్ మాస్టర్. తెల్లారకముందే డికాక్షన్ పాత్ర మూతకి గుడ్డ చుట్టి దమ్ పెట్టేవారు, పక్క పొయ్యి మీద పాలు గంటలకొద్దీ చిక్కబడుతుండేవి. కప్పులో ముందు డికాక్షన్, ఆ పైన పాలు. ఓనర్లంటే ఒక్కరు కాదండీ, బావలూ బాబాయిలూ కలిసి వాటాదారులు. రోజులు పంచుకుని గల్లాలో కూర్చునేవాళ్లు. కొత్తగా వచ్చిన చుట్టాల పిల్లలు హోటల్లోనే తిని, రాత్రి బల్లలు జరిపి అక్కడే పడుకుని, జీతం ముట్టకుండా కూడబెట్టి వాటా కొనేవాళ్లు. ఒక హోటల్ మీద అన్ని కుటుంబాలు బతికాయి, మా చదువులూ అందులోంచే. ఇప్పుడు అన్ని వాటాలకీ వారసులున్నారు, గల్లాలో కూర్చునే మనిషే లేడు. అసలు కష్టం అక్కడుంది. ఆగా సాబ్‌ని మొదటి వాటా ఎలా కొన్నారో అడగండి, ఆ కథ గంట చెబుతారు చూడండి.

కోర్టు పని చేసేవాణ్ణి:
పాస్‌పోర్ట్ విషయం. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టి ఉంటే, తల్లిదండ్రులు వేరే దేశస్థులైనా పిల్లలు మామూలుగా పుట్టుకతోనే భారత పౌరులు. ఆ తర్వాత 2004 డిసెంబర్ 3కి ముందు పుడితే ఇద్దరిలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. అందుకే ఒకే ఇంట్లో తండ్రి ఇరానీ, కొడుకు ఇండియన్. మన చట్టంలో రెండు పౌరసత్వాలు కుదరవు, ఇక్కడిది తీసుకుంటే అక్కడిది వదులుకోవాలి. అక్కడ అమ్మ, అన్నదమ్ములు ఉన్నవాళ్లు అంత తేలిగ్గా వదులుకోరు. వదులుకోనివాళ్లు ఇక్కడ నివాస అనుమతి రెన్యూ చేయించుకుంటూ ఉండాలి. 1979 విప్లవం, ఆ వెంటనే ఇరాక్‌తో ఎనిమిదేళ్ల యుద్ధం వచ్చాయి కదా, ఆ రోజుల్లో ఇంటి నుంచి కబురు ఎలా తెలిసేదో అడగండి.

సీతాఫల్‌మండి వాసి:
అందరికీ థాంక్సండీ. వాటా సంగతి నాకు తట్టనే లేదు, ఆదివారం దాంతోనే మొదలుపెడతా.

గల్లా పక్క పిల్లాడు:
పాత లెక్కల పుస్తకాలుంటే ముందు వాటిని ఫోటోలు తీసుకోండి. కొన్ని ఫార్సీలో రాసుంటాయి, హోటల్ ఖాళీ చేసేటప్పుడు పాత సామాన్లవాడికి వెళ్లిపోయేవి మొదట అవే.