జీతం 34 వేలు, నెలకు పదకొండు వేలు తక్కువ. కొత్త లోను తీసుకుని అన్నీ కట్టేయొచ్చా?

షిఫ్టు_మనిషి (అనకాపల్లి):

అందరికీ నమస్కారం. అచ్యుతాపురం వైపు ఒక ఫార్మా కంపెనీలో ఆపరేటరుగా చేస్తున్నాను. పీఎఫ్ అవీ పోను చేతికి 34,500 వస్తుంది. ఓటీ దొరికితే ఇంకో రెండు వేలు వస్తాయి గానీ ఈ మధ్య ఓటీలు బాగా తగ్గించేశారు, అందుకని లెక్కలో వేసుకోవడం లేదు. మా ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, సరాసరి నాలుగు వేలు. శ్రావణంలో, పెళ్లిళ్ల సీజన్లో ఊపిరాడదు, ఆషాఢంలో మిషను మీద గుడ్డ కప్పి ఉంచడమే. మొత్తం 38,500 అనుకోండి.

ఖర్చులు: అద్దె 8,000. కరెంటు, గ్యాసు, ఫోన్లు, కేబులు కలిపి 2,500. సరుకులు, పాలు, కూరలు 10,500. బాబు నాలుగో తరగతి, ఫీజు నెలవారీగా వేసుకుంటే 3,500, స్కూలు ఆటో 1,200. నాన్న మందులకి ఊరికి పంపేది 2,200. పెట్రోలు 1,800. ఇదంతా 29,700. ఇంతవరకే అయితే ఏ గొడవా లేదు, ఎనిమిది వేల చిల్లర మిగలాలి.

గొడవంతా మిగతా సగంలో ఉంది. చెల్లి పెళ్లికి బ్యాంకులో 3 లక్షలు పర్సనల్ లోను తీసుకున్నాను, 15 శాతం, నాలుగేళ్లు. ఈఎంఐ 8,349, ఇంకా 26 వాయిదాలున్నాయి. అదీ చాలక మా ఊళ్లో ఒకాయన దగ్గర ప్రోనోటు రాసి లక్ష తెచ్చాం, రెండు రూపాయల వడ్డీ. నెలకు 2,000 వడ్డీ ఒక్కటే పోతోంది, అసలు అలాగే ఉంది. పెళ్లయ్యాక ఇంటికి చాలనప్పుడల్లా క్రెడిట్ కార్డు గీకుతూ వచ్చాం, ఆ బాకీ ఇప్పుడు 92,000. మినిమం డ్యూ 4,600 కడుతున్నాను. ఇవి కాక లక్ష రూపాయల చీటీ, 20 నెలలు, నెలకు 5,000. తొమ్మిది కట్టాను, ఇంకా పాడలేదు.

ఈ నాలుగూ కలిపితే 19,949. అంటే రాబడి 38,500, పోబడి 49,649. ప్రతి నెలా 11,149 తక్కువ. సగం మళ్లీ కార్డు మీదే సరుకులు, పెట్రోలు. మిగతాది షిఫ్టులో వాళ్ల దగ్గర చేబదులు. జీతం పడ్డ రోజు వాళ్లకి ఇచ్చేస్తాను, పదో తారీఖుకి మళ్లీ అడుగుతాను. ఒకాయన నన్ను చూస్తే చాలు "నా దగ్గరా లేవు బాబూ" అంటున్నాడు, నేను అడగకముందే.

ఇప్పుడు బ్యాంకు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. "మీకు 5 లక్షలు ప్రీ అప్రూవ్డ్ సార్, అరవై నెలలు, ఈఎంఐ 11,895 మాత్రమే" అంటోంది ఒకమ్మాయి. పాత లోను, కార్డు, ఊళ్లో అప్పు అన్నీ తీర్చేస్తే ఒకటే ఈఎంఐ. వినడానికి బాగుంది. మా ఆవిడ దగ్గర ఐదు తులాల బంగారం ఉంది, పుట్టింటివాళ్లు పెట్టింది. దాన్ని అడగాలంటే నాకు నోరు రావడం లేదు. చీటీ డబ్బు బాబు చదువుకని ఉంచాం, దాన్ని ముట్టుకోవద్దని ఆవిడ మాట. చివరిదాకా ఆగితే కమీషను పోను 95,000 వస్తాయి.

ఈ 5 లక్షలు తీసుకోవచ్చా? లేకపోతే ఏ అప్పు ముందు తీర్చాలి?

పాత_లెడ్జరు (రిటైర్డు బ్యాంకు క్యాషియరు):

బాబూ, అణా పైసలతో రాశావు, సంతోషం. మామూలుగా "అప్పులు చాలా ఉన్నాయి, దారి చెప్పండి" అంటారు, ఎంత అని అడిగితే పలకరు.

ముందు ఆ 5 లక్షల సంగతి. పాత లోనులో నీకింకా సుమారు 1,84,000 అసలు ఉంటుంది. కార్డు 92,000, ఊళ్లో లక్ష. మూడూ కలిపి 3,76,000. మరి 5 లక్షలెందుకు? మిగిలే లక్షా పాతికవేలు నీ చేతిలో ఉంటే ఆరు నెలలు హాయిగా గడిచిపోతాయి, ఆ తర్వాత చూడు. మూడింటికీ ఇప్పుడు 14,949 కడుతున్నావు, కొత్త ఈఎంఐ 11,895. తగ్గేది 3,054. నీకు తక్కువ పడేది 11 వేలు. అంటే లోను తీసుకున్నాక కూడా నెలకు ఎనిమిది వేలు ఎక్కడో తేవాలి, ఈసారి ఐదేళ్ల ఈఎంఐ మెడలో పెట్టుకుని. అరవై వాయిదాలకి వడ్డీయే 2,13,000 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు, అడగకుండా అంటగట్టే ఇన్సూరెన్సు, పాత లోను ముందే మూసినందుకు ఛార్జీ వేరే. 2024 అక్టోబరు నుంచి ఏ రిటైల్ లోనుకైనా అన్ని ఛార్జీలూ కలిపిన అసలు రేటు ఒక్క కాగితం మీద రాసి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ అమ్మాయిని ఆ కాగితం పంపమను, ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి.

ఇక నీ ఇంటిని తినేస్తున్నది కార్డు. స్టేట్‌మెంటు తీసి చూడు. మామూలుగా నెలకు మూడున్నర శాతం పైనే ఉంటుంది. 3.6 అనుకుంటే 92,000 మీద వడ్డీ 3,312, దాని మీద 18 శాతం జీఎస్‌టీ 596. మొత్తం 3,908. నువ్వు కట్టే 4,600లో అసలుకి పోయేది ఏడొందల లోపు. అదే నెలలో ఆరు వేలు మళ్లీ గీకుతున్నావు. పైగా బాకీ పూర్తిగా తీరనంతకాలం కొత్తగా గీకిన దానికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ. ఉప్పు, పప్పు ఏడాదికి 43 శాతం వడ్డీకి తింటున్నారన్నమాట.

ఇప్పుడు నువ్వు చివర్లో ఊరికే చెప్పి వదిలేసిన చీటీ చూడు. ఇప్పుడే పాడితే పాట 15 వేలకి పోయిందనుకో, చేతికి 85,000. చివరిదాకా ఆగితే 95,000. పది వేలు పోతాయని ఆగుతున్నారు. ఆ 11 నెలల్లో కార్డు బాకీ ఇలాగే ఉంటే దాని మీద పోయేది దాదాపు 43 వేలు. బాబు చదువుకని దాస్తున్నది ఆ కార్డు బ్యాంకు చదువుకి పోతోంది.

చీటీ పాడు, కార్డు మూసెయ్, ఊళ్లో లక్ష సంగతి తర్వాత చూద్దాం. ఇదీ నా మాట.

కరీంనగర్_కుర్రోడు:

అన్నా, ఇంకో తొవ్వ ఉంది. కార్డు మినిమం కట్టుడు ఆపేయ్. ఆరు నెలలైతే వాళ్లే ఫోన్ చేసి సగానికి సెటిల్‌మెంట్ అంటరు. మా దోస్తు అట్లనే చేసిండు, 90 వేలది 45కి అయింది.

పాత_లెడ్జరు:

ఉద్యోగం పోయినవాడికి, ఆస్పత్రి పాలైనవాడికి అది చివరి దారి. ఈయన ఒక్క వాయిదా కూడా తప్పలేదు. సెటిల్‌మెంటు చేసుకుంటే సిబిల్‌లో, అంటే బ్యాంకులు చూసే నీ అప్పుల రికార్డులో, "క్లోజ్డ్" అని కాకుండా "సెటిల్డ్" అని పడుతుంది, రేపు ఇల్లు కొనాలన్నా ఆ మాటే అడ్డు. ఆ ఆరు నెలలూ రికవరీ వాళ్ల ఫోన్లు ఎవరు ఎత్తాలి? ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదని నిబంధన ఉంది, నిజమే. ఆ పదకొండు గంటలు చాలవా టెన్షన్ పెట్టడానికి?

తుని_అక్క:

తమ్ముడూ, నేను కూడా మిషను కుట్టే ఇంటిదాన్నే, మీ ఆవిడ వైపు నుంచి రెండు ముక్కలు.

బంగారం అడగడానికి నోరు రావడం లేదన్నావు. అడగకు. ఈ లెక్క కాగితం మీద రాసి ఆవిడ ముందు పెట్టు, అంతే. మా ఆయన "గాజులివ్వు, అవసరముంది" అన్నప్పుడు నేను ఇవ్వలేదు. రెండు రూపాయల వడ్డీకి ఏడాదికి 24 వేలు పోతోందని చూపించాక నేనే తీసిచ్చాను. బ్యాంకులో పెట్టు, ప్రైవేటు ఫైనాన్సు జోలికి వెళ్లకు. బ్యాంకులో తొమ్మిది, పది శాతం దగ్గర దొరుకుతుంది, లక్షకి నెలకు ఎనిమిది వందల చిల్లర. అయితే ఒకటి, ఏడాది గడువు తిరిగేటప్పటికి వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. మర్చిపోతే వేలం నోటీసు ఇంటికొస్తుంది.

దానికంటే ముందు, మీ ఆవిడ డ్వాక్రా సంఘంలో ఉందా? ఉంటే బంగారం కదపక్కర్లేదు. సంఘాలకి బ్యాంకు ఇచ్చే లోను, అదే బ్యాంకు లింకేజీ, మూడు లక్షల వరకు ఏడు శాతమే వడ్డీ. సంఘమంతా పంచుకుంటారు కాబట్టి లక్ష మొత్తం రాకపోవచ్చు, నలభై, యాభై వచ్చినా ఊళ్లో ఆయనకి సగం తీరుతుంది.

ఇంకోటి. మీ నాన్నగారి మందుల చీటీ డాక్టరుకి చూపించి జన్ ఔషధిలో (చవక జెనరిక్ మందుల షాపు) దొరికేవి రాయమనండి. మా అత్తగారి బీపీ, షుగరు మందులు సగానికి పైగా తగ్గాయి.

కుట్టుపని గురించి: కొత్త మిషను, పికో మిషను అని ఇప్పుడు కొనిపించకు. ఉన్న మిషను మీదే ఆషాఢంలో ఫాల్స్, పెట్టీకోట్లు, స్కూలు యూనిఫాం సైజు చేయడం దొరుకుతుంది. జూన్‌లో బడులు తెరిచేటప్పటికి చుట్టుపక్కల రెండు స్కూళ్ల దగ్గర మాట్లాడి పెట్టుకోమను. లైనింగ్ జాకెట్టుకి గుడ్డ తీసుకున్నప్పుడే సగం అడ్వాన్సు తీసుకోమను. కుట్టించుకుని నెల తర్వాత డబ్బులిచ్చేవాళ్లు మా వీధిలోనే బోలెడుమంది.

షిఫ్టు_మనిషి:

సార్, అక్కా, ఇద్దరికీ థాంక్స్. నిన్న రాత్రి షిఫ్టు నుంచి వచ్చాక ఇద్దరం కూర్చున్నాం. చీటీ గురించి చెప్పగానే మా ఆవిడ ముఖం మాడ్చుకుంది, కార్డు వడ్డీ 3,908 అని ఫోన్‌లో స్టేట్‌మెంటు చూపించాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్లూ నువ్వు చూశావా దీన్ని?" అంది. మినిమం ఎంతో చూసి కట్టడమే తప్ప కింద వడ్డీ గడి నేనూ ఇప్పుడే చూశాను. మొత్తానికి పాడమంది.

చీటీ ఆఫీసుకి వెళ్లాను. రిజిస్టర్డు కంపెనీయే. పోయిన నెల పాట 16 వేలకి పోయిందట. పాడాక డబ్బు ఇవ్వాలంటే ఇద్దరు జీతగాళ్ల జామీను కావాలంటున్నారు, ఇంకా 55 వేలు కట్టాల్సింది ఉంది కాబట్టి. షిఫ్టులో ఒకాయన సరేనన్నాడు, "రేపు నా చీటీకి నువ్వు పెట్టాలి" అని ముందే మాట తీసుకున్నాడు. రెండో మనిషి దొరకలేదు. మా ఆవిడ సంఘం మా ఊళ్లోనే ఉంది, పొదుపు ఆపకుండా కడుతూనే ఉంది. లింకేజీ ఎప్పుడొస్తుందో లీడరుని అడుగుతానంది.

ఒకటి అర్థం కాలేదు. ఇదంతా జరిగినా నెలకు ఇంకా ఐదు వేల పైనే తక్కువ పడుతోంది కదా? ఇంకొకటి, రెండో జామీను దొరకకపోతే? ఫోన్‌లో ఐదు నిమిషాల్లో 20 వేలు ఇచ్చే యాప్‌లు కనిపిస్తున్నాయి, ఈ రెండు మూడు నెలలకి వాడుకోవచ్చా?

పాత_లెడ్జరు:

యాప్ మాట ఎత్తకు. ఇరవై అని పదహారు ఖాతాలో వేస్తారు, ఇరవై మీద వడ్డీ కట్టించుకుంటారు. ఫోన్‌లో నంబర్లు, ఫొటోలు చూడకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది, వినే యాప్‌లు వింటాయి. విననివాడు మీ బావగారికి ఫోన్ చేస్తాడు. ఇప్పటికే ఎవరైనా అలా ఇరుక్కుని ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రెండో జామీను దొరకకపోతే బంగారంగానీ, డిపాజిట్టుగానీ జామీనుగా తీసుకుంటారేమో చీటీ ఆఫీసులోనే అడుగు. అదీ కాకపోతే కార్డు బ్యాంకుకే ఫోన్ చేసి బాకీ మొత్తాన్ని ఈఎంఐ కింద మార్చమను. వడ్డీ 43 నుంచి దాదాపు సగానికి దిగుతుంది. చీటీ పాడినంత బాగుండదు, ఇప్పుడున్న దానికంటే నయం.

ఇక తక్కువ పడేది. కార్డు మినిమం 4,600 పోతుంది. ఊళ్లో లక్ష బ్యాంకు వడ్డీకి మారితే 2,000 కాస్తా ఎనిమిది వందల చిల్లర అవుతుంది. 11,149లో మిగిలేది 5,400. ఇందులో దాచేదేం లేదు, ఆ 5,400 ఇంట్లోంచే రావాలి. చీటీ వాయిదాలు అయ్యే వరకు, అంటే 11 నెలలు. ఆ తర్వాత 5,000 దానంతటదే వదులుతుంది. మీ కంపెనీ బస్సు అనకాపల్లి మీదుగా వెళ్తుందా? వెళ్తే పెట్రోలు వెయ్యి తగ్గుతుంది. మందుల్లో అక్క చెప్పినట్టు వెయ్యి. సరుకులు కార్డు మీద కాకుండా నోట్లు లెక్కపెట్టి కొంటే పది వేలు ఎనిమిదిన్నరకి దిగుతాయి, ఇది మా ఇంట్లో చూసిందే. మిగతాది ఓటీ, మిషను. రెండు నెలలు పట్టవచ్చు, ఆ రెండు నెలలూ చేబదులు తప్పదు. "నా దగ్గరా లేవు" అనే ఆయన్ని మాత్రం వదిలేయ్ పాపం.

కార్డు కట్టేటప్పుడు జాగ్రత్తలు. ఆరోజు ఎంత కడితే సున్నా అవుతుందో కస్టమర్ కేర్‌ని అడిగి కట్టు. అయినా తర్వాతి స్టేట్‌మెంటులో కొంత వడ్డీ కనిపిస్తుంది, స్టేట్‌మెంటు తేదీ నుంచి నువ్వు కట్టిన రోజు దాకా లెక్క అది. మోసం అనుకోకు, అదీ కట్టెయ్. 84, 85 వేలే వస్తాయి కాబట్టి ఒక ఏడెనిమిది వేలు మిగులుతుంది, ముందు దాన్ని తీర్చి తర్వాతే ఇంకేదైనా. కార్డు లిమిటు పదిహేను వేలకి తగ్గించమని రాతపూర్వకంగా అడుగు.

ఊళ్లో ఆయనకి లక్ష ఇచ్చే రోజు ఒక్కడివే వెళ్లకు, డబ్బు బ్యాంకు ద్వారానే పంపు. ప్రోనోటు ఒరిజినల్ చేతికి తీసుకో, "చెల్లు" అని రాయించి సంతకం పెట్టించు. సగమే ఇస్తే నోటు వెనకాల ఎంత ముట్టిందో, ఏ తేదీనో ఆయన చేత రాయించు. పెళ్లి నాటి నోటు కదా, మూడేళ్లు దగ్గర పడితే తిరగరాయమంటాడు, అప్పుడు పాత నోటు చించకుండా కొత్తదాని మీద సంతకం పెట్టకు.

షిఫ్టు_మనిషి:

కంపెనీ బస్సు బైపాస్ దగ్గర ఆగుతుంది సార్, ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు. బండి అక్కడ పెట్టి వెళ్లొచ్చు. రెండో జామీనుకి మా ఆవిడ అన్నయ్య ఒప్పుకున్నాడు, కరెంటు ఆఫీసులో పని. ఈ నెల పాట పన్నెండో తారీఖున. ఎంతకి పోయిందో ఇక్కడే రాస్తాను.