కంపెనీలో పర్యావరణహిత మార్పు ఆదేశంతో వస్తుందా, కార్మికులను అడిగితే వస్తుందా?

హెచ్‌ఆర్ ఉద్యోగి:
మా కర్మాగారంలో కరెంటు వాడకం, చెత్త తగ్గించాలని నిర్ణయించారు. అందరినీ ఒప్పిస్తూ కూర్చుంటే ఏళ్లు గడుస్తాయి. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలకు బీఆర్‌ఎస్‌ఆర్ (పర్యావరణ, సామాజిక బాధ్యతల వివరాల) నివేదికను తప్పనిసరి చేశాకే మా బోర్డు కూడా కదిలింది. ఆదేశమిచ్చి, పాటించనివారి బోనస్‌లో కోత పెడితే తప్పేమిటి?

మెయింటెనెన్స్ ఇంజినీరు:
తప్పేనండి, అనుభవంతో చెబుతున్నాను. నేను ఇదివరకు పనిచేసిన చోట, గాలిని ఒత్తిడితో పైపుల్లోకి పంపే కంప్రెసర్ల కరెంటు ఖర్చు తగ్గించాలని సర్క్యులర్ వచ్చింది. పోస్టర్లు అంటించారు, ప్రతిజ్ఞ చేయించారు. ఆరు నెలలైనా మీటరు రీడింగు తగ్గలేదు. ఒకరోజు భోజన విరామంలో యంత్రాలు ఆగాక షెడ్డులో నిలబడితే నాలుగు వైపుల నుంచీ బుస్సుమని గాలి చప్పుడు! ఒక సీనియర్ ఆపరేటరు మగ్గుతో సబ్బునీళ్లు తెచ్చి పైపుల అతుకుల మీద పోశారు. బుడగలు పొంగిన చోటల్లా లీకే. "ఇవన్నీ మాకు ఎప్పటి నుంచో తెలుసు సార్. బిగించాలంటే లైను అరగంట ఆపాలి. ఆపితే ఆ షిఫ్టు ఉత్పత్తి తగ్గిందని సూపర్‌వైజరుకు చీవాట్లు" అన్నారు.

దీన్ని మొండితనం అనగలమా? ఉత్పత్తి పెంచమనీ, లైను ఆపమనీ ఒకే నోటితో చెబితే, మనిషి తన జీతం దేనితో ముడిపడి ఉందో దాన్నే వింటాడు. వారానికి ఒక గంటను ఉత్పత్తి లెక్క నుంచి మినహాయించాకే ఆ లీకులు ఆగాయి. బోనస్ కోత అని బెదిరించి ఉంటే ఆ సబ్బునీళ్ల మగ్గు బయటికి వచ్చేదే కాదు.

హెచ్‌ఆర్ ఉద్యోగి:
ఆ గంట ఇవ్వడానికైనా పైవారే పూనుకోవాలి కదా? అమెరికాలో కార్పెట్లు తయారుచేసే ఇంటర్‌ఫేస్ కంపెనీ 1994లో పర్యావరణహిత దారి పట్టిందంటే అధిపతి రే ఆండర్సన్ పట్టుదల వల్లనే.

మెయింటెనెన్స్ ఇంజినీరు:
పట్టుదల ఆయనదే, కాదనను. వృథాను వెతికి పట్టుకున్నది మాత్రం అక్కడి ఉద్యోగుల బృందాలు. 3ఎం అనే మరో అమెరికా కంపెనీ 1975లో మొదలుపెట్టిన కాలుష్య నివారణ కార్యక్రమంలోనూ ఉద్యోగులే ప్రతిపాదనలు తెచ్చారు. కోత సంగతి తరువాత. మీ సూపర్‌వైజరును షిఫ్టు ముగిశాక ఏ లెక్క అడుగుతున్నారో ముందు అది చూడండి.

అకౌంట్స్ ఉద్యోగి:
పారిశుద్ధ్య కాంట్రాక్టు కార్మికులను మీ ఇద్దరూ మరిచారు. మా క్యాంటీన్‌లో తడి చెత్తకు, పొడి చెత్తకు వేరువేరు డబ్బాలు పెట్టాక కూడా పెరుగన్నంలో కలిసిన ప్లాస్టిక్ కప్పులను చేత్తో ఏరుతున్నది వాళ్లే. ఏ సమావేశానికీ వాళ్లను పిలవలేదు. మీ చోట పిలిచారా?