‘ములాటో’ను ‘సంకరజాతి’ అనవచ్చా?

ప్రశ్న: బానిసత్వం నాటి అమెరికా కథ ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో ఒక అమ్మాయిని ‘ములాటో’ అంటారు, అంటే తెల్లవారికీ నల్లవారికీ పుట్టిన పిల్ల అని. ‘సంకరజాతి పిల్ల’ అని రాశాను. చదివిన స్నేహితురాలు ఆ మాట కొట్టేసింది. మరేం రాయాలి?

జవాబు: ఆవిడ మంచి పని చేశారండీ. ‘సంకరజాతి’ అనగానే నాకు మా ఊరి పశువుల ఆసుపత్రి గోడ గుర్తొస్తుంది. ‘సంకరజాతి ఆవుల పోషణ’ అని నీలం అక్షరాలు, పక్కన నలుపు తెలుపు మచ్చల ఆవు బొమ్మ. మనిషి గురించి ఆ మాట రాయడానికి నాకు చెయ్యి రాదు.

మాట మూలంలోనే చీదర ఉంది. అమరకోశంలో ‘సంకరోఽవకరః’ అంటే చీపురుతో ఊడ్చి పారేసిన చెత్త. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు ‘సంకరో నరకాయైవ’ అంటాడు, వర్ణాలు కలిస్తే వంశానికి నరకమేనని. కలవడం తప్పన్న తీర్పు ఆ మాట వెంటే వస్తుంది.

‘ములాటో’ కూడా అలాంటిదే. స్పానిష్, పోర్చుగీసుల్లో ‘ములో’ అంటే కంచరగాడిద, గాడిదకూ గుర్రానికీ పుట్టేది. మిశ్రమ సంతతి వాడనే అర్థమున్న అరబ్బీ ‘మువల్లద్’ నుంచి వచ్చిందనేవారూ ఉన్నారు గానీ, ఎక్కువమంది చెప్పేది కంచరగాడిదే. అమెరికా జనాభా లెక్కల్లోకి ఇది 1850లో ఎక్కింది. 1890లో నల్లవారి రక్తం నాలుగో వంతుంటే ‘క్వాడ్రూన్’, ఎనిమిదో వంతో ఏ కాస్తో ఉంటే ‘ఆక్టరూన్’ అని రాయమన్నారు. గుమ్మంలో నిలబడ్డ గుమాస్తా ఎదుటి మనిషి ముత్తవ్వ ఎవరో లెక్కగట్టాలి. ఎంత దారుణమో చూడండి. 1930 లెక్కల నాటికి ‘ములాటో’ పోయింది.

తిట్టుకు తిట్టు సరిపోయింది కదా అంటారేమో. సరిపోదండీ. ‘సంకరజాతి’ అంటే మన పాఠకుడికి మన కులాల గొడవ తోస్తుంది, అక్కడి బానిసత్వం తోచదు. పాత్ర నోట వస్తే ‘ములాటో’ అనే ఉంచండి. కథ చెప్పే గొంతులో మాత్రం తల్లెవరో, తండ్రెవరో చెప్పండి. ‘ఎవరి పిల్ల?’ అని అడగడం మనకు అలవాటే.

ఇంకొకరు: మా చిన్నప్పుడు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పక్కింటి ఆంటీని ఎవరో ‘హాఫ్ కాస్ట్’ (సగం జాతి) అన్నారు. ఆవిడ గిన్నె తోముతూ ఆగి, ‘మేం ఆంగ్లో ఇండియన్లం’ అంది, అంతే. యూరప్, భారత మూలాలు కలిసినవారికి 1911లో మన దేశపు జనాభా లెక్కల్లో ‘యురేషియన్’ బదులు అధికారికంగా వచ్చిన పేరది. మన రాజ్యాంగం 366వ అధికరణంలోనూ ఉంది. ఎవరి పేరు వాళ్లనే అడగడం మేలు.

ప్రశ్న వేసినవారు: అందరికీ ధన్యవాదాలు. అమ్మాయి పేరు కథలోనే ఉంది, నేనే వదిలేశాను. ఇలా మార్చాను: ‘లూసీ తల్లి ఆ ఇంట్లో బానిస. తండ్రి ఆ ఇంటి యజమాని. ఊరు మాత్రం ఆమెను ములాటో అనేది.’