తాతగారి రైఫిల్ మడమ: పగులు పోవాలి, మరక ఉండాలి

ఉప్పుగాలి (పెదవాల్తేరు):

నేను రైల్వే షెడ్డులో ఫిట్టర్ని. ఇనుముతో ఇరవై రెండేళ్ల సహవాసం. చెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఆడడం లేదు, అందుకే అడుగుతున్నాను.

మా తాతగారిది పాత బీఎస్ఏ కంపెనీ రైఫిల్, పాయింట్ టూ టూ బోరు. కింద లీవరు లాగితే లోపలి దిమ్మ జారే మార్టినీ రకం. ఇనుము మీద మూడు తుపాకులను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టుండే ముద్ర, బర్మింగ్‌హామ్ అన్న అక్షరాలు ఇప్పటికీ చదవవచ్చు. తాతగారు నర్సీపట్నంలో కలప డిపో గుమాస్తా. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చేదాకా ఆదివారాలు అడవికోళ్ల వెంట తిరిగేవారట. ఆ తర్వాత తుపాకీ గోడ ఎక్కింది. నర్సీపట్నం అనగానే ప్రతివారూ "అల్లూరి సీతారామరాజు చింతపల్లి స్టేషన్లో పట్టుకుపోయిన తుపాకీయా?" అంటారు. కాదు మహాప్రభో. అవి 1922 నాటి పోలీసు తుపాకులు, ఇది కోళ్లు కొట్టిన తుపాకీ. లైసెన్సు నాన్నగారి పేరున ఉంది, ఆ సంగతి అడగనక్కరలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ముందుగది కిటికీని ఎత్తుకుపోయింది. బియ్యం డబ్బాలు, టీవీ, సర్టిఫికెట్లు లోపలికి మోసుకున్నాం. గోడ మీది రైఫిల్ ఎవరికీ గుర్తు రాలేదు. మూడో రోజు చూస్తే మడమ (భుజానికి ఆనించే వెనక చెక్క) మీది పాలిష్ విరిగిన పాలలా తెల్లబడింది. స్క్రూల చుట్టూ నల్లటి మచ్చలు వచ్చాయి. చేత్తో పట్టుకునే సన్నటి మెడ దగ్గర నాలుగు అంగుళాల పగులు. అప్పట్లో ఒక బంధువు తెల్ల జిగురు పూసి పురికొస చుట్టారు. ఈ వేసవిలో అది మళ్లీ నోరు తెరిచింది.

గత నెల ఒక వడ్రంగిని సలహా అడిగాను. ఉప్పుకాగితం పట్టి మెలమైన్ పాలిష్ కొడితే సోఫా చేయిలా మెరుస్తుందన్నాడు. సోఫా చేయి మా ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి! ఈ మడమకు ఎడమ పక్కన, తాతగారి బుగ్గ ఆనిన చోట, అరచేయంత మేర చెక్క నల్లబడి నునుపు తేలింది. కింది అంచున చాకుతో పెట్టిన గాట్లు పదకొండు. దేని లెక్కో నాన్నగారికీ తెలియదు. ఆ మరకా, ఆ గాట్లూ ఉండాలి. పగులు పోవాలి. దారి చెప్పండి.

నిగనిగ:

ఇంత ఆలోచన ఎందుకండీ? అదే కొలతకు కొత్త టేకు మడమ చేయించి బిగించండి. పాతది పెట్టెలో దాచుకోండి.

పాత ఆయుధాగారం (కంచరపాలెం):

బాబూ, పోలీసు ఆయుధాగారంలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ముందు ఒక హెచ్చరిక. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం తుపాకీ మరమ్మతు చేసేవారికి లైసెన్సు ఉండాలి. మొత్తం రైఫిల్‌ను వడ్రంగి కొట్లో వదిలి రావద్దు. నాన్నగారి ఎదుట మీరే మడమ విప్పండి, ఇనుము బీరువాలో పెట్టి తాళం వేయండి.

విప్పడం ఇలా. మొదట తూటా కూర్చునే గది ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. మడమ చివరి పలకకు ఉన్న రెండు స్క్రూలు తీస్తే లోపల లోతైన రంధ్రం కనిపిస్తుంది. దాని అడుగున పెద్ద బోల్టు ఉంటుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ కావాలి, గాడికి సరిగ్గా అతకాలి. మా రోజుల్లో త్రీ నాట్ త్రీలతో ఒక చిక్కు ఉండేది. అందులో ఈ బోల్టు కొన నలుచదరంగా ఉండి ముందుకర్ర వెనక పలకలో కూర్చుంటుంది. ముందుకర్ర తీయకుండా బోల్టు తిప్పితే ఆ కర్ర చీలిపోతుంది. కొత్తగా చేరిన కుర్రాడొకడు ఒకే పూటలో మూడు చీల్చాడు, నాలుగోది నేను లాక్కున్నాను. మీ మార్టినీకి ఆ భయం లేదు.

పగులుకు తుపానొక్కటే కారణం అనుకోవద్దు. తుపాకీని గొట్టం పైకి పెట్టి ఏళ్ల తరబడి నిలబెడితే ఇనుముకు పూసిన నూనె కిందికి దిగి మెడలో ఇంకుతుంది. నూనె తాగిన చెక్క మెత్తబడుతుంది, దానికి జిగురు పట్టదు. మీ ఇంట్లో ఎలా ఉంచేవారు?

ఉప్పుగాలి:

గొట్టం పైకే, గోడకు నిట్టనిలువుగా, నలభై ఏళ్లు. నెలనెలా నూనె పూసేది నేనే. పదో తరగతి దాకా నా పని అదే. పుణ్యం అనుకుని చెరిచాను అన్నమాట.

చిత్రిక (పూర్ణా మార్కెట్ దగ్గర):

పాత మంచాలు, బీరువాలు బాగుచేయడం నా వృత్తి. నిగనిగ గారూ, బీఎస్ఏ మడమలు వాల్‌నట్ చెక్కవి. టేకు పెడితే కొత్త తుపాకీ అవుతుంది, తాతగారిది కాదు.

ఉప్పుగాలి గారూ, ఉప్పుకాగితం ఇంట్లోంచే తీసేయండి. పాలిష్ ఏ రకమో ముందు తెలియాలి. కనిపించని చోట స్పిరిట్‌లో ముంచిన దూదితో అద్దండి. కరిగి జిగటగా దూదికి అంటితే అది లక్క పాలిష్. తడికి తెల్లబడింది కాబట్టి అదేనని నా అనుమానం. ఫ్రెంచ్ పాలిష్ అన్న పేరు చూసి బెదరకండి. ఏటికొప్పాక బొమ్మకు రంగు పట్టేదీ ఆ లక్కతోనే. దాదాపు పొడిగా ఉన్న గుడ్డకు చుక్క స్పిరిట్ తగిలించి, తెల్లబడ్డ చోట రెక్క ఆడించినట్టు తుడవండి. గుడ్డ ఒక్క చోట ఆగిందా, పాలిష్ లేచిపోతుంది.

పాత తెల్ల జిగురును వెనిగర్ మెత్తబరుస్తుంది. పళ్లు తోముకునే బ్రష్షుతో పగులులోకి పట్టించి గీకేయండి. చెక్క బాగా ఆరాక నూనె లాగాలి. సుద్దపొడిని ఎసిటోన్‌తో పేస్టులా కలిపి మెడ లోపలి వైపు, పగులు మీద పట్టించండి. ఆరితే సుద్ద పసుపెక్కుతుంది. దులిపి మళ్లీ పట్టించండి, తెల్లగా రాలేదాకా. ఆరుబయట చేయాలి, దరిదాపుల్లో పొయ్యి ఉండకూడదు. ఎసిటోన్ పాలిష్‌ను తినేస్తుంది. బుగ్గ మరక వైపు చుక్క కూడా పోనివ్వద్దు.

తర్వాత ఎపాక్సీ జిగురు. అయిదు నిమిషాల్లో గట్టిపడేది వద్దు, రాత్రంతా తీసుకునేది కొనండి. పగులును కొంచెం విప్పదీసి, సన్నటి నైలాన్ దారంతో రంపం లాగినట్టు జిగురును లోపలికి లాగండి. ఆపై సైకిల్ ట్యూబును రిబ్బనులా కోసి, సాగదీస్తూ మెడ చుట్టూ చుట్టండి. ఇంత సన్నటి వంపుకు బిగింపు చట్రాల కంటే ట్యూబే నయం.

స్క్రూల నల్లమచ్చలు తడి ఇనుము, చెక్కలోని వగరు కలిసి పుట్టినవి. ఆక్జాలిక్ ఆమ్లం వాటిని పోగొడుతుంది, చుట్టూ ఉన్న రంగును కూడా పోగొడుతుంది. పైగా విషం. నేనైతే ఆ మచ్చలను వదిలేస్తాను.

చివర్లో ఉడికించిన లిన్సీడ్ (అవిసె) నూనె, వేలితో, పల్చగా. పావుగంటకు మిగిలినదంతా తుడిచేయండి. మన ఊరి గాలిలో చెమ్మ ఎక్కువ, పూతకూ పూతకూ మధ్య మూడు రోజులు ఆగండి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయొద్దు. వాటికవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ల బకెట్లో వేయండి.

ఉప్పుగాలి (పన్నెండు రోజుల తర్వాత):

బోల్టు తీయడానికి స్క్రూడ్రైవర్ దొరకలేదు. ఒక ఉక్కు కడ్డీ కొన అరగదీసి తయారు చేసుకున్నాను. ఆ పని మాత్రం నా చేతికి తెలిసినది. బోల్టు అరచుట్టు కూడా బిగువు లేదు. ఇన్నాళ్లూ మడమ ఊగుతూనే ఉందన్నమాట. చివరి పలక కింద పాలిష్ తగలని చెక్క లేత గోధుమ రంగులో ఉంది. రైఫిల్ మొత్తం ఆ రంగు మీద ఉండేదని నాకు ఇప్పటిదాకా తెలియదు.

వెనిగర్ వాసనకు మా ఆవిడ ఆవకాయ జాడీ చెడిపోయిందని వంటింట్లో వెతికింది. సుద్ద నాలుగు సార్లు పసుపు పచ్చగా రాలింది. మొదటిసారైతే పెసరపిండి రంగు. నేను పూసిన నూనే అదంతా. అయిదోసారి తెల్లగా వచ్చింది.

కింది అంచులో, గాట్లకు దూరంగా ఒక సొట్ట ఉంటే తడిగుడ్డ నాలుగు మడతలు వేసి ఇస్త్రీపెట్టె కొన ఆనించాను. బుస్సుమంది. గుడ్డ తీసేసరికి సొట్ట సగం పైకి లేచింది, మూడోసారికి వేలికి తగలడం మానేసింది. ఇనుము ఇలా ఎప్పుడూ చేయదు.

నిన్న రాత్రి ఎనిమిదింటికి ఎపాక్సీ పెట్టి ట్యూబు చుట్టాను. ఇప్పుడు పొద్దున్న పది. విప్పవచ్చా?

పాత ఆయుధాగారం:

విప్పకు బాబూ. ఊరంతా ముసురు పట్టి ఉంది. బోల్టు బిగించేటప్పుడు కూడా తొందర వద్దు, వారానికి మళ్లీ కాస్త తిప్పి చూడాలి. ఇకమీదట గొట్టం కిందికి పెట్టు.

చిత్రిక:

ట్యూబు అంచున పొంగిన జిగురును గోటితో నొక్కి చూడండి. గోటి గుర్తు పడితే రేపటిదాకా ముట్టుకోవద్దు.

ఉప్పుగాలి:

పడింది. రేపు వస్తాను.